ఏడో నంబరు గది దుప్పటి

కళ్యాణదుర్గం బస్టాండుకు ఎదురుగా పన్నెండు గదుల లాడ్జి ఒకటి ఉండేది. ధర్మవరం నుంచి చీరలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా మా ఆయన ఓబుళేసు, నేను అక్కడే దిగేవాళ్ళం. మొదటిసారి దిగింది డెబ్బై రెండులోనో మూడులోనో. మా పెద్దోడు అప్పటికి చంకలో ఉన్నాడు కాబట్టి మూడే అయి ఉంటుంది. ఆ రోజుల్లో గదులు చూసుకునే ఆమె పేరు సిద్దమ్మ. మిద్దె మీద పెద్ద గంగాళం పెట్టి దుప్పట్లన్నీ మురికి వదిలేలా చౌడుమన్ను వేసి ఉడికించేది. ఎండలో ఆరేసి, మడత పెట్టి తెచ్చి మంచం మీద పరిస్తే ఆ గుడ్డ ఎండ వాసన వేసేది. పిల్లోడు పడుకున్న వెంటనే నిద్రపోయేవాడు.

తర్వాత కరువు సంవత్సరాలు వచ్చాయి. సిద్దమ్మ మోకాళ్ళు పట్టేసి కంబదూరులో కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. పాత యజమాని కాలం చేశాడు, కొడుకు మల్లికార్జునయ్య గల్లా మీద కూర్చున్నాడు. పన్నెండు గదులకు రామాంజులు ఒక్కడే మిగిలాడు. యాభై ఏళ్ళు దాటిన మనిషి, ఊడ్చేది, నీళ్ళు మోసేది, బక్కెట్లు కడిగేది అన్నీ అతనే. ఒక్కో ఏడు పోయేకొద్దీ గది ఒక్కో మెట్టు దిగింది. ముందు కిటికీ గూట్లో బీడీ ముక్కలు, తర్వాత మూలల్లో బూజు, ఆపైన మంచం పట్టీల్లో నల్లులు. మేము చూశాం, ముక్కు మూసుకున్నాం, ఎవరితోనూ ఏమీ అనలేదు. ఒక్క రాత్రికేగా అనుకునేవాళ్ళం. అదే మా తప్పు.

ఎనభై నాలుగులో, ఒక మంగళవారం నాడు ఆ తప్పు మా మెడకు చుట్టుకుంది.

కళ్యాణదుర్గంలో బదరీనారాయణ గారని వ్యాపారి. ఆయన ఇంట్లో ఆడపిల్లలందరి ముహూర్తం చీరలూ మా మగ్గం మీదే నేశాం. ఈసారి చివరి కూతురి పెళ్ళి, శుక్రవారం ముహూర్తం. పసుపు రంగు ఒళ్ళు, కుంకుమ అంచు, ఆ పసుపు మీదే పైటంతా జరీ మామిడి పిందెలు. మా ఆయన పద్దెనిమిది రోజులు మగ్గం గుంటలోంచి లేవలేదంటే అబద్ధం కాదు. ఆ ఊరి వ్యాపారుల ఇళ్ళన్నీ బదరీనారాయణ గారి భార్య సుమిత్రమ్మ మాటను పట్టే చీరలు నేయమని చెబుతాయి. ఆమె ఒక్కసారి పెదవి విరిచిందంటే మా మగ్గానికి కళ్ళు మూతపడినట్టే.

చీర బుధవారం పొద్దున ఇవ్వాలి. మంగళవారం నాడు పెళ్ళిచీర గడప లోపలికి రాకూడదని వాళ్ళ పట్టింపు. కానీ బుధవారం పొద్దున ధర్మవరం నుంచి బయలుదేరితే బస్సు మీద నమ్మకం లేదు. అందుకని ముందురోజే వచ్చి లాడ్జిలో దిగాం. ఏడో నంబరు గది ఇచ్చారు. మా ఆయన మొహం కడుక్కుని, వచ్చామని చెప్పి రావడానికి బజారుకు, బదరీనారాయణ గారి అంగడికి వెళ్ళాడు.

నేను ట్రంకుపెట్టె తెరిచి చీర చూసుకున్నాను. ప్రయాణంలో జరీచీర ఒకే మడతలో బిగిసిపోతే ఆ గీత మీద జరీ విరుగుతుంది. అందుకని దిగగానే విప్పి, మడత మార్చి, పైన బరువు పెట్టి రెండు గంటలు ఉంచుతాం. పట్టును ఎప్పుడూ తెల్లగుడ్డ మీదే విప్పాలి. మేము చుట్టి తెచ్చిన తెల్లపంచె పెట్టె సందుల్లోంచి దూరిన బస్సు దుమ్ముకు ఎర్రమన్ను రంగుకు వచ్చింది. రామాంజులును పిలిచి ఉతికిన దుప్పటి ఒకటి అడిగాను. అతను ఒక నిమిషం నిలబడి, పోయి, నాలుగు మడతల తెల్ల దుప్పటి తెచ్చి ఇచ్చాడు.

మడత పెట్టి ఉందని నమ్మాను. మా ఇళ్ళల్లో ఉతకని గుడ్డకు మడత పెట్టరు, ఉండ చుట్టి మూలకు వేస్తారు. మడత ఉందంటే ఉతికిందే. పుట్టినప్పటి నుంచి చూసింది అదే. పోగు పోగూ కంటికి దగ్గరగా పెట్టి చూసే దాన్ని, ఆ దుప్పటిని విప్పి లోపలి వైపు చూడనే లేదు. పరిచి, చీర మడత మార్చి, అదే దుప్పటిలో చుట్టి, పైన ట్రంకుపెట్టె పెట్టాను. బయట ఎండ మండిపోతోంది. గోడలు కాగి గది పొయ్యిలా ఉంది.

రెండు గంటల తర్వాత విప్పితే, పైట మీద రెండు మచ్చలు. ఒకటి రూపాయి బిళ్ళంత, ఒకటి దానికంటే చిన్నది. నూనె మచ్చలు. దుప్పటి తిప్పి చూస్తే నడిమధ్య తలకాయంత జిడ్డు. ఎవరో బాగా తలనూనె రాసుకునే మనిషి దాని మీద ఎన్నాళ్ళు పడుకున్నాడో. ఆ వేడికీ బరువుకీ జిడ్డంతా పట్టులోకి దిగింది.

నీళ్ళు తగిలించకూడదు, కొత్త పట్టు మెరుపు పోతుంది. పెట్టెలో ఉన్న మొహం పౌడరు తీసి మచ్చల మీద మందంగా చల్లి, గుడ్డతో మెల్లగా అద్దాను. ఆపైన దులిపి చూస్తే మచ్చ సగం తగ్గింది, కానీ పోలేదు. నీడలో కనపడదు, వెలుతురులోకి తెస్తే కనపడుతుంది. పెళ్ళిపీటల మీద కూర్చునేది వెలుతురులోనే కదా. మడతలో లోపలికి తోసేసి ఇచ్చేద్దామా అని కూడా అనిపించింది, ఉన్నమాట చెప్తున్నా. శుక్రవారం పొద్దున పెళ్ళికూతురికి చీర కడుతున్న వాళ్ళెవరో పైట విప్పి, "ఇదేమి, ఇట్లుండాది?" అని అడిగినట్టు చెవుల్లో వినపడింది. ఆ ఊహ వదలలేదు.

దుప్పటి చంకలో పెట్టుకుని గల్లా దగ్గరికి దిగాను. అక్కడ గుమాస్తా జయరాముడు కూర్చుని ఉన్నాడు. నేను చెప్పింది సగం విని, ఆ జిడ్డు నాదేనన్నాడు.

"నీ తల నూనేమోలే అక్కా. మధ్యాన్నం ఒక కునుకు తీసింటావు."

"నా తల చూడప్పా," అన్నాను, వంచి. "వారమాయె నూనె పెట్టి. పీచు మాదిరి ఉండాది. వాసన చూస్తావా?"

హాల్లో బెంచీ మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. జయరాముడికి కోపం వచ్చింది. పుస్తకంలో రాసిపొమ్మని, పురికొసతో కట్టిన ఫిర్యాదుల పుస్తకం ముందుకు తోశాడు. తిరగేశాను. నల్లులు ఉన్నాయని ఎవరో రెండేళ్ళ కింద రాశారు. కింద ఎర్రసిరాతో 'చూస్తాము' అని ఉంది. దాని కింద బక్కెట్టుకు చిల్లి అని ఇంకొకరు. 'చూస్తాము'. నేను చదివింది మూడో తరగతి. అయినా కూడబలుక్కుని రాశాను: ఏడో నంబరు. దుప్పటి ఉతకలేదు. పట్టుచీర పాడైంది. కదిరమ్మ, ధర్మవరం. రాసి, యజమాని వచ్చేదాకా కదలనని ఆ బెంచీ మీదే కూర్చున్నాను. జయరాముడు దుప్పటి ఇచ్చేయమని చెయ్యి చాచాడు. దాన్ని మడిచి కింద వేసుకుని దాని మీద కూర్చున్నాను. అది పోతే నా మాటకు ఆధారమేముంది?

మల్లికార్జునయ్య వచ్చేసరికి మూడయింది. ఆయన ఉతికిందేనన్నాడు, సోమవారమే చాకలి తెచ్చాడన్నాడు. అప్పుడు దుప్పటి ఆయన ముందు పరిచాను. ఉతికి ఆరేస్తే గుడ్డకు పాత మడతలు పోతాయి, ఒక్క మడత గీతలే ఉంటాయి. దీనికి పాత గీతలు అట్లాగే ఉన్నాయి, వాటి మీద మురికి పట్టి సన్నటి నల్లదారం లాగినట్టుంది. పక్కనే కొత్త గీతలు. అంచు కుట్టు లోపలి వైపు పైకి వచ్చింది. అంటే ఉతకలేదు, తిప్పి మడిచారు. గుడ్డ గురించి మాకు చెప్పేదేముంది, గుడ్డే మా అన్నం. ఆ గీతలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తుంటే బెంచీ మీది వాళ్ళు కూడా లేచి వచ్చి చూశారు.

మల్లికార్జునయ్య నన్ను లోపలి గదికి పిలిచాడు. మూడు రోజులకొకసారి నాలుగు డ్రమ్ముల నీళ్ళు వస్తాయని, తాగడానికే చాలవని, తిప్పి వేయమని తానే చెప్పానని ఒప్పుకున్నాడు. గది బాడుగ వద్దన్నాడు. రామాంజులును ఈ పూటే మాన్పిస్తానన్నాడు. తలుపు దగ్గర రామాంజులు చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు, నా వైపు చూడలేదు.

"వాన్ని మాన్పిస్తే దుప్పటి తెల్లగైతాదా?" అన్నాను. "నాకు బాడుగ మాఫీ వద్దు, వాని కూడు తీసేదీ వద్దు. సుమిత్రమ్మ ముందర వచ్చి, మచ్చ మా లాడ్జిలో పడిందని ఒక్క మాట చెప్పండి. అంతే."

ఆయన చేతులు పట్టుకున్నంత పని చేశాడు. గురువారం నుంచి పన్నెండు గదులూ బదరీనారాయణ గారి మగపెళ్ళివారికే మాట్లాడి ఉన్నారట. ఆ మాట చెబితే మగపెళ్ళివాళ్ళు వేరే చోటికి పోతారు, ఊళ్ళో తల ఎత్తుకోలేనన్నాడు. అది విన్నాక నా దిగులు ఇంకా పెరిగింది. కాబోయే అల్లుడి తల్లిదండ్రులు కూడా ఈ తిప్పి మడిచిన దుప్పట్ల మీదే పడుకోబోతున్నారా?

బదరీనారాయణ గారి కోసం ఇంతసేపూ అంగట్లో కాచుకున్న మా ఆయన అంతలో వచ్చాడు. సంగతి తెలిసి చీర దగ్గరికి పరుగెత్తాడు. మచ్చ చూసి, ఆ పైట పక్కనే కింద కూర్చుండిపోయాడు. మెల్లగా అన్నాడు:

"బస్సులో ఎవురిదో నూనె డబ్బా తగిలిందని చెప్దాం. లాడ్జీ సంగతి ఎత్తొద్దు. ఈ గదులు మాట్లాడింది ఆ సావుకారే కదా."

"బస్సులో అంటే మనం చూసుకోలేదని గదా అయ్యేది."

"చూసుకున్నామా మరి?"

దుప్పటి పరిచింది నేనే. ఆయన రెట్టించలేదు, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అది తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

పొద్దు ఇంకా ఉంది. చీర మంగళవారం ఆ ఇంటి గడప దాటకూడదు గానీ, దుప్పటికి ఆ పట్టింపు లేదు. దాన్ని చంకలో పెట్టుకుని బజారు వీధి గుండా ఒక్కదాన్నే నడిచాను. దారి పొడవునా మాటలు పేర్చుకున్నాను. ఒకటి పేరిస్తే రెండు జారిపోయాయి. ఆ ఇంటి వాకిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. సుమిత్రమ్మ వడలకు పప్పు బాగుచేయించే పనిలో ఉంది. నన్ను చూసి, మంగళవారం ఏమి తెచ్చావని ముందే కనుబొమలు ముడిచింది.

చీర తేలేదన్నాను. వసారాలో దుప్పటి విప్పి, జిడ్డు చూపించి, జరిగింది, మా ఆయన బస్సు మీద తోద్దామన్న మాటతో సహా, ముందు నుంచి చివరిదాకా చెప్పాను. నేను విప్పి చూడకుండా పరిచానని కూడా చెప్పాను. అది వదిలేస్తే మిగతాది నమ్ముతుందో లేదో. ఆమె అడ్డం రాలేదు. దుప్పటి అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరంగా పెట్టింది.

"మగపెళ్ళోళ్ళకు ఇదేనా పరిచేది?" అంది.

చెప్పులు వేసుకుని నాతో లాడ్జికి బయలుదేరింది. ఆమె మెట్లెక్కుతుంటే మల్లికార్జునయ్య లేచి నిలబడ్డాడు. ఏడో నంబరులో చీర కిటికీ దగ్గరికి తెచ్చి, వెలుతురులో పట్టుకుని చూసింది. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె పైటను భుజం మీద వేసుకుంది, తీసింది, మళ్ళీ వేసుకుంది. ఎంతసేపు చూసిందో, నాకైతే మగ్గం మీద గజం నేసినంత సేపు అనిపించింది.

"రేపు తెండి," అంది చివరికి. అంతే. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

కిందికి దిగి మల్లికార్జునయ్యతో మాట్లాడింది. వాళ్ళ బావిలో ఇంకా నీళ్ళు ఊరుతున్నాయట. రెండు బండ్ల డ్రమ్ములు పంపుతాను, రేపు సాయంత్రానికల్లా పన్నెండు గదుల దుప్పట్లు ఉడికి ఆరాలి, లేకుంటే మగపెళ్ళివారిని స్కూలు బిల్డింగులో దింపుతానంది. రామాంజులు ఒక్కడితో కాదు, ఇద్దరు కూలీలను పెట్టమని కూడా చెప్పింది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిది కాకముందే చీర పళ్ళెంలో పెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాం. నేను మళ్ళీ పౌడరు అద్ది ఉంచాను. మచ్చ ఇంకొంచెం తగ్గింది, పోలేదు. సుమిత్రమ్మ దేవుడి గదిలో పీట మీద చీర పెట్టించింది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఎవరూ కట్టరు. అందరూ అంచు మూలన చిన్న బొట్టంత పెడతారు. ఆమె గిన్నెలో పసుపు చిక్కగా కలిపి, అంచు దగ్గర ఆగలేదు. పైట దగ్గరికి వచ్చి, పెద్ద మచ్చ మీద ఒకసారి, చిన్న మచ్చ మీద ఒకసారి వేలుతో నిండుగా అద్దింది. పసుపు మీద పసుపు. ఇంకెవరి కంటికి మచ్చ కనపడుతుంది?

మా ఆయన గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆమె వేలు కడుక్కుంటూ ఆయన వైపు తిరిగింది.

"ఓబుళేసూ, నువ్వు బస్సూ గిస్సూ అని చెప్పింటే ఈ చీర నీ మొగాన కొట్టి పంపేదాన్ని."

ఇద్దరం తిరిగి లాడ్జికి వచ్చాం. మిద్దె మీద గంగాళం పొగలు కక్కుతోంది, రామాంజులు కర్రతో దుప్పట్లు తిప్పుతున్నాడు. మా ఏడో నంబరుది కూడా అందులోనే ఉందేమో అని నేను పైకి చూస్తుంటే, మా ఆయన ట్రంకుపెట్టె నెత్తికి ఎత్తుకుని అన్నాడు:

"మళ్ళీ తూరి తెల్లపంచెలు రెండు తెచ్చుకుందాం. పద, బస్సు పోతాండాది."