వంకకొమ్ము మట్టెద్దు

శ్యామలమ్మ బేస్తవారిపేట పక్క పల్లెకు కాపురానికి వచ్చిన కొన్నాళ్లకే మట్టెద్దుల అమావాస్య వచ్చింది. ఆ ఏడు ఇంట్లో పూజకు కొత్త కోడలు చేసిన ఎద్దుల జతనే పెట్టాలి. అది ఆ ఊరి ఆనవాయితీ. ఆమె పుట్టిన దర్శి వైపు, అప్పటి నెల్లూరు జిల్లాలో, ఈ పండగే లేదు.

"జత కుదరకపోతే ఊళ్లో ఏడాదంతా చెప్పుకుంటారు పాపా," అని అత్త వెంకటసుబ్బులమ్మ ముందే అన్నది.

మట్టి పని శ్యామలమ్మకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ కంటబడిన పురుగునల్లా, పిట్టనల్లా మట్టితో చేసేది. పొద్దున్నే చెరువు మట్టి పిసికి, కొట్టం ముందు కూచుని, కట్టేసిన ఎద్దులను చూస్తూ జత చేసింది. మట్టి మిగిలితే ఒక ఉడతనూ, తొండనూ, తొలకరికి పొలాల్లో తిరిగే ఆరుద్ర పురుగునూ చేసింది. పురుగుకు కుంకుమ అద్దింది.

అత్త వచ్చి చూసింది. "ఏంది పాపా, పూజకు తొండ గూడా వచ్చిందే. దాని మెడలో గంట ఏదీ?"

"మట్టి మిగిలింది అత్తా. పారెయ్యబుద్ధి కాలేదు."

అత్త నవ్వుతూనే ఒక ఎద్దును చేతిలోకి తీసుకుంది. నవ్వు ఆగిపోయింది. ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంది, చెవి కొస చీలి ఉంది.

"పూజెద్దుకు ఎవురైనా కొమ్ము వంకర పెడతారా?"

"ఎడమ పక్క కట్టే మన దాపటెద్దు అట్లే ఉంది గదా అత్తా," అన్నది శ్యామలమ్మ.

అత్త వేలు తడి చేసుకుని కొమ్మును నిటారుగా నిలబెట్టింది. చెవి చీలికను పూడ్చింది. అంతలో మామ మాలకొండయ్య పొలం నుంచి వచ్చి వాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"ఇది ఎవురింటి ఎద్దు?"

"మన దాపటిదే మామా."

"కాదులేమ్మా. మనోడు ఇంత సొగసుగాడు కాదు."

అత్త ఎద్దును ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. దాపటెద్దు దూడప్పుడు బావిలో పడి ఆ కొమ్ము వంకరపోయిన నాడు, కట్టు కట్టింది ఆమే. మెల్లగా కొమ్మును మళ్లీ కిందికి వంచింది. గోటితో చెవి చీల్చింది.

"ఇంకొంచెం అత్తా, లోపలికి," అన్నది శ్యామలమ్మ.

"నాకు నేర్పుతావా? వాడి చెవి నాకు తెలవదా?" అంటూనే అత్త ఇంకొంచెం చీల్చింది. తర్వాత ఆరుద్ర పురుగును తీసి ఎద్దుల ముందు పెట్టింది. "ఇది ముందు నడిస్తే వాన వెనకాల వస్తది."

సాయంత్రం పూజ చూడ్డానికి వచ్చిన పొరుగింటి మణెమ్మ పూజ పీట మీదికి వంగింది. "ఇదేందక్కా, కొమ్ము ఇట్ల పోయింది?"

"మీ ఎద్దుకైతే పోలేదులే," అన్నది వెంకటసుబ్బులమ్మ. "ఇది మాది. మా కోడలు చూసి చేసింది."