కొత్త బండి, వెనక సీటు

లిఫ్టు మెకానిక్కుగారి పాత బండి ఎత్తు ఎక్కదన్న సంగతి వీధి వీధంతా ఎరిగిందే. బొత్తిగా ఎక్కదని కాదు, బతిమాలితే ఎక్కేది. ఆయన భార్య నర్సుగా పనిచేసే క్లినిక్కేమో ఏటవాలు వీధికి పైకొసన ఉంది. రోజూ పొద్దున్నే ఆవిణ్ణి అక్కడ దించి తన పనికి పోవడం ఆయన అలవాటు. మందుల షాపు మూల తిరగ్గానే ఆవిడ ముందుకు వంగి ఆయన వీపుకు ఆనుకునేది, కుడి భుజం మీద రెండుసార్లు తట్టేది. ఆ తట్టుకి ఆయన మణికట్టు దానంతటదే తిరిగేది. యాక్సిలరేటర్ చివరికంటా పోయేది. బండి దగ్గి, మూలిగి, ఇంత పొగ వదిలి, పడుతూ లేస్తూ క్లినిక్కు గేటు చేరేది.

"ఇవాళ కూడా నేనే ఎక్కించాను," అనేది ఆవిడ దిగుతూ.

"మరి నేనేం చేశానో?"

"మీరు హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నారు."

ఏళ్ళ తరబడి ఇదే మాట, ఇదే జవాబు. మొగుడూ పెళ్ళాల మధ్య ఇంతకంటే పెద్ద సరసం ఎందుకో నాకు తెలియదు.

చివరికి ఆ బండి ప్రాణం విడిచింది. ఇంజను విప్పిన బళ్ళ మెకానిక్కు మళ్ళీ బిగించడానికి ఒప్పుకోలేదు. మనవాడికి పెళ్ళికి ముందునుంచీ ఒక పెద్ద బండి మీద మనసుంది. అడగడానికి మొహమాటపడి అటూ ఇటూ నసుగుతుంటే భార్యే తేల్చేసింది.

"కొనుక్కోండి. మోకాళ్ళ నొప్పులొచ్చాక కొని ఏం చేస్తారు, దణ్ణం పెట్టుకుంటారా?"

బండి ఇంటికొచ్చింది. పాతదానికి నాలుగింతల బలం. చదునైన రోడ్డు మీద రెండు రోజులు ఒక్కడే అటూ ఇటూ తిరిగొచ్చి, ఇక చెయ్యి కుదిరింది అనుకున్నాడు. "నడపడం వచ్చినవాడికి ఏ బండైనా ఒకటే," అని పక్కింటాయనతో అన్నాడు కూడా. అలా అనేవాళ్ళని చూస్తే నాకు గుండెల్లో దడ.

మూడో రోజు పొద్దున ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరారు. వెనక సీటు ఎత్తుగా, ఇరుగ్గా ఉంది. పాత బండికున్నట్టు వెనక పట్టుకోవడానికి కడ్డీ లేదు. అయినా ఆవిడ నవ్వుతూనే ఎక్కింది. మందుల షాపు మూల తిరిగారు. ఎదురుగా ఎత్తు కనిపించింది. ఆవిడ చెయ్యి భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆయన మణికట్టు చివరికంటా తిరిగింది.

బండి ఒక్క దూకు దూకింది. ముందు చక్రం నేల విడిచింది. వీపు వెనక బరువు మాయమైపోవడం ఆయనకు తెలిసింది. కంగారులో ముందు బ్రేకు గుప్పిటతో గుంజాడు. పాత బండికి అలా గుంజితేనే ఆగేది మరి. ఇది మాత్రం ముక్కు నేలకేసి, పక్కకి ఒరిగి, ఆయన్ని కింద పడేసింది.

లేచి కుంటుకుంటూ వెనక్కి పరిగెత్తాడు. ఆవిడ రోడ్డు మీద కూర్చుని ఉంది. మోచెయ్యి చెక్కుకుపోయింది, ఎడమ మణికట్టు గీరుకుపోయి బెణికింది. హెల్మెట్ వెనకవైపు పెద్ద గీత పడింది. ఆ గీతని ఆయన వేలితో తడిమి చూశాడు.

"ఏమీ కాలేదు," అందావిడ. "బండి తియ్యండి, దారికి అడ్డంగా ఉంది."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. మిగతా ఎత్తంతా నడిచి ఎక్కి, క్లినిక్కులో తన కట్టు తనే కట్టుకుంది. ఆ సాయంత్రం అన్నం దగ్గర మాత్రం, "రేపట్నించి బస్సులో వెళ్తాలెండి," అంది, ఉప్పు డబ్బా ఇటు జరపమన్నంత మామూలుగా.

ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆయన హాయిగా నిద్రపోయేవాడు. తిట్టకపోయేసరికి లోపల్లోపల కుమిలిపోయాడు. ఇక నా వెనక ఎప్పటికీ కూర్చోదు అనుకున్నాడు. రోజూ పొద్దున ఆవిడ బస్టాపుకేసి నడుస్తుంటే కిటికీలోంచి చూసేవాడు. మాట్లాడుకోక కాదు, కూరగాయల గురించీ, కరెంటు బిల్లు గురించీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. బండి ఊసొస్తే మాత్రం ఇద్దరూ నోరు మెదిపేవారు కాదు.

విరిగిన అద్దం వేయించడానికి బండిని గ్రీజు బాబాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. గ్రీజు బాబాయి ఎవరికీ సొంత బాబాయి కాదు. బళ్ళు బాగుచేస్తూ ముసలివాడైపోయాడు గనుక అందరికీ బాబాయే. జరిగిందంతా, బండి అమ్మేస్తానన్న మాటా విని, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ దులిపేశాడు.

"అమ్మేస్తానంటావేంట్రా? బండేం చేసింది? ఇన్నేళ్ళూ చెవుడొచ్చిన తాతతో మాట్లాడినట్టు పాతదానితో కేకలేసి మాట్లాడావు. దీనికి చెవులు బాగానే ఉన్నాయి. మెల్లిగా చెప్పు, వింటుంది."

"చెయ్యి వినట్లేదు బాబాయ్."

"చేతికే నేర్పు మరి. ఖాళీ జాగా చూసుకో. ఒక్కడివే వెళ్ళు. బ్రేకుని గుంజకు, రెండు వేళ్ళతో పిండు, నెమ్మదిగా బిగించు. యాక్సిలరేటర్ తిప్పానని నీకే అనుమానం రావాలి, అంత తక్కువ తిప్పు. కొత్త టైర్లు, నున్నగా జారతాయి, అరిగేదాకా మలుపుల్లో వేషాలెయ్యకు. అన్నీ కుదిరాకే వెనక మనిషి. ముందు కాదు."

మూతపడిన గిడ్డంగి ఒకటి ఉంది, దాని ముందు పెద్ద సిమెంటు జాగా. రోజూ పని దిగాక అక్కడికెళ్ళి కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం మొదలుపెట్టాడు. సిగ్గుగానే ఉండేది. తల నెరుస్తున్న మనిషి సున్నాలు చుడుతుంటే, అటు పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవారు.

ఒకరోజు ఆగి ఉన్న బండి మీద కూర్చుని ఉండగా తన పనే తనకు గుర్తొచ్చింది. లిఫ్టు పని నేర్పిన మేస్త్రి అనేవాడు: "కడుపుకి తెలియకుండా లేవాలి, మోకాళ్ళకి తెలియకుండా ఆగాలి." ఆ మాట పట్టుకునే ఆయన బతుకంతా లిఫ్టులు సర్దాడు. లిఫ్టు గచ్చు మీద నిండా నీళ్ళున్న గ్లాసు పెట్టి, పై అంతస్తుకీ కిందికీ తిప్పి, ఒక్క చుక్క తొణికినా మళ్ళీ మొదటినుంచీ సర్దేవాడు. ముక్కూ మొహం తెలియని జనం కోసం ఇంత జాగ్రత్త పడ్డవాణ్ణి, కట్టుకున్నదాన్ని కూర్చోబెట్టుకుని గుర్రం తోలినట్టు తోలానే అని ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పెద్ద నీళ్ళ క్యాను ఒకటి సగం నింపి, వెనక సీటుకి తాళ్ళతో బిగించాడు. సగమే ఎందుకంటే, నిండు క్యాను నోరెత్తదు. సగం క్యాను అన్నీ చెప్పేస్తుంది. విసురుగా కదిలితే నీళ్ళు వెనక్కి కొట్టుకుంటాయి, మోటుగా ఆపితే దభీమని వీపు మీదికొస్తాయి. మొదట్లో ఆ క్యాను ఆయన వీపుని వాయించింది. రానురాను వాయింపు తగ్గింది. చిన్న ఎత్తు దొరికితే అక్కడ, పల్లం దొరికితే అక్కడ, వంపుల్లో, గతుకుల్లో, చివరికి సాయంత్రపు రద్దీలో కూడా క్యానుతోనే తిరిగాడు.

ఊరు ఊరుకుంటుందా? "మీ ఆయన నీళ్ళ క్యానుకి ఊరు చూపిస్తున్నాడటగా?" అని పక్కింటావిడ నర్సమ్మని అడిగేసింది. ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు మొహంలో ఎక్కువసేపు నిలవలేదు.

నీళ్ళు కదిలిన చప్పుడు కూడా వినపడని రోజొకటి వచ్చింది. ఆ రాత్రి భోజనాలయ్యాక, పళ్ళేలు తుడుస్తున్న భార్య దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. పరీక్ష పాసైన పిల్లాడి వాలకం.

"ఇప్పుడు బాగా వచ్చింది. రేపు ఒక్కసారి కూర్చో."

"వద్దులెండి."

"నెమ్మదిగా తీసుకెళ్తా. ఎత్తు దగ్గర వద్దంటే దింపేస్తా."

"వద్దన్నానుగా."

ఆయనకి ఉక్రోషం ముంచుకొచ్చింది. "నేనింత కష్టపడ్డానే, ఇంకా నా మీద నమ్మకం లేదా నీకు?"

ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. "మీ మీద కాదు, నా చేతి మీద లేదు."

"నీ చేతికేమైంది? తగ్గిపోయిందిగా?"

"భుజం తట్టింది ఎవరు ఆ రోజు? మీరు బుద్ధిగానే పోతున్నారు. నేను తట్టాను, మీరు తిప్పారు. మీ కాలు ఒరుసుకుపోయింది, బండి పాడైంది, అంతా నా చేతి నిర్వాకం. మళ్ళీ ఆ మూల తిరిగితే మళ్ళీ తడుతుంది. దానికి ఇంకేం తెలియదు."

ఇన్నాళ్ళూ ఆవిడ మౌనాన్ని కోపమనుకున్నాడు. ఆయన మౌనాన్ని ఆవిడా కోపమనే అనుకుంది.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నీ తప్పేం లేదంటారు. అన్నా బాధే, అనకపోయినా బాధే. సరే, అది వదిలెయ్యండి." ఆవిడ పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇన్ని రోజులు ఆ క్యానుని కూర్చోబెట్టుకుని తిప్పారు. ఎక్కడ బరువు పడుతుందో, ఎప్పుడు కదులుతుందో అన్నీ దాన్నే అడిగి తెలుసుకున్నారు. నన్ను ఒక్కసారి అడిగారా? వెనక కూర్చునేది నేనా, అదా?"

ఆయన తలొంచుకున్నాడు. నిజమే. క్యాను భుజం తట్టదు. క్యానుకి భయం లేదు, అలవాటు లేదు, అందుకే దానితో పని సుళువైంది. సగం బండికే నడక నేర్పి, అంతా వచ్చేసిందని ఇంటికొచ్చాడు.

"నాకు తోచలేదే," అన్నాడు. "తోచి ఉంటే మొదటి రోజే నిన్ను తీసుకెళ్ళేవాణ్ణి. రేపు వస్తావా? ఎత్తు దగ్గరికి కాదు, ఆ గిడ్డంగి దగ్గరికి."

ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. పళ్ళేలన్నీ సర్ది, పొయ్యి గట్టు తుడిచి, దీపం ఆర్పేటప్పుడు అంది, "క్యానుని ఇంట్లో పెట్టి రండి. ముగ్గురం పట్టం."

గిడ్డంగి ముందు ఆవిడకి తెలియనివి చాలా ఉన్నాయని తేలింది, ఆయనకి అంతకంటే ఎక్కువ. మలుపులో ఆవిడ భయంతో ఎదురు వైపు ఒరిగేది, బండి తిరగనని మొండికేసేది. ఏ వైపు తిరిగితే ఆ భుజం మీదుగా చూడు అన్నాడు. చూసింది, బండి తిరిగింది. మోకాళ్ళతో బిగించి పట్టుకోమన్నాడు. "మీరు ఆగబోయే ముందు నాకెలా తెలుస్తుంది?" అని ఆవిడ అడిగింది. ఆయన ఎప్పుడూ ఆలోచించని ప్రశ్న అది. వెనక నుంచి ఆయన హెల్మెట్ తప్ప రోడ్డు కనబడదట, ఏళ్ళుగా అలాగే కూర్చుందట. "ఆపే ముందు చెబుతాను," అన్నాడు, చెప్పడం నేర్చుకున్నాడు. ఆవిడ చెయ్యి రెండుసార్లు భుజం దాకా లేచింది. రెండుసార్లూ తనే దింపుకుంది.

చివరికి ఒక పొద్దున మందుల షాపు మూల తిరిగారు. ఆయన రెండో గేరులో, యాక్సిలరేటర్‌ని వేళ్ళతో తాకినట్టుగా, కొంచెమే తిప్పాడు. ఎత్తంతా చప్పుడు లేకుండా చక్రాల కిందనుంచి వెనక్కి జారిపోయింది. క్లినిక్కు గేటు వచ్చేసింది.

ఆవిడ దిగలేదు.

"ఏమైంది? భయమేసిందా?"

"లేదు." గేటుకేసి చూసింది. "నేనేమీ చెయ్యకుండానే ఎక్కేసిందండీ."

నవ్వుతోందేమోనని అద్దంలో చూశాడు. నవ్వట్లేదు. ఆ మొహం చూసి ఆయనకి మనసు చివుక్కుమంది. బలమైన బండి కొన్నాడు గానీ, దానివల్ల ఇంట్లో ఒకరి పని పోయిందని ఇప్పుడే తెలిసింది. ఓదార్పు మాట ఏదో చెప్పబోయి, ఆవిడకి అబద్ధాలు ఇట్టే తెలిసిపోతాయని ఆగిపోయాడు. అప్పుడే నిజమొకటి దొరికింది.

"ఎక్కడానికి నువ్వు అక్కర్లేదు, నిజమే. దిగడానికి కావాలి."

"నన్ను మంచి చేసుకోవడానికి చెప్పకండి."

"కాదు, విను. పల్లంలో బ్రేకు వేస్తే నీ బరువంతా నా మీద పడుతుంది. నా చేతుల మీద బరువుంటే హ్యాండిల్ నా మాట వినదు. నువ్వు నా రెండు పక్కలనుంచీ చేతులు చాచి, ట్యాంకు మీద ఆనించి, నీ బరువు నువ్వు ఆపుకుంటే నాకు చేతులు మిగులుతాయి. క్యాను ఆ పని చెయ్యలేదు. దానితో పల్లం దిగిన ప్రతిసారీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే దిగాను."

ఆవిడ బండి దిగింది, హెల్మెట్ తీసింది, జుట్టు సర్దుకుంది. గేటు లోపలికి వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కొచ్చింది.

"సాయంత్రం త్వరగా రండి. చీకటి పడితే ట్యాంకు కనపడదు."

ఆ సాయంత్రం వీధి పైకొసన బండి ఆపి, "దిగుతున్నాం," అని చెప్పాడు. ఆయన నడుముకి అటొకటి ఇటొకటి ఆవిడ చేతులు ముందుకొచ్చి ట్యాంకు మీద బోర్లా ఆనాయి. బండి పల్లంలోకి ఒరిగింది. రెండు వేళ్ళతో బ్రేకు పిండాడు. వీపు మీద బరువేమీ పడలేదు. కింద ఆ వేళ్ళు బిగుసుకోవడం కనిపించింది. ఎడమ మణికట్టు దగ్గర ఆ దెబ్బ తాలూకు గోధుమరంగు మచ్చ ఇంకా ఉంది. చిటికెన వేలి గోరు అరిగిపోయి ఉంది, మందు సీసాల మూతలు తీసీ తీసీ. ఇన్నేళ్ళూ వెనక కూర్చోబెట్టుకుని తిప్పాడు, బండి మీద ఆవిడ చేతులు చూడటం ఇదే మొదలు.

వెనక కార్లు హారన్లు మోగించాయి. ఆయన పక్కకి తప్పుకుని వాటిని పోనిచ్చాడు, ఇంకా నెమ్మదిగా దిగాడు.