పిలిచినా పలకని పూట

సేవా దినం చొక్కాకి ఇస్త్రీ చేస్తోంది ఆమె. లేతనీలం చొక్కా, ఛాతీ మీద కంపెనీ గుర్తు, వీపు మీద పెద్ద అక్షరాలతో 'సేవలోనే సంతోషం' అని అచ్చు. సంతోషం దగ్గర ముడత ఒక పట్టాన పోవడం లేదు.

"ఏమోయ్, అయిందా? పిల్లల హోముకి సేవ చెయ్యడానికి వెళ్తూ ఆలస్యంగా వెళ్తే బావుండదు!" గదిలోంచి ఆయన కేక. ఆ కేక పెట్టిన మనిషి మంచం మీద కాళ్ళు జాపుకుని, తాగిన కప్పు కిందపెట్టి, పేపరు తిరగేస్తున్నాడని చూడకుండానే ఆమెకి తెలుసు.

ఆయన పనిచేసే కంపెనీ తన లాభంలోంచి ఏటా కొంత తీసి ఆ హోముకి ఇస్తుంది. ఇన్నేళ్ళూ ఇచ్చినవి బడిసంచులు. ఒక్కో పిల్లకి నాలుగేసి సంచులు పోగయ్యాక వార్డెన్ ఇక ఉండబట్టలేక అడిగేసిందట. "సంచులొద్దండీ, సాయంత్రాలకి ఒక మనిషినివ్వండి. బడి వదిలాక తక్కిన పిల్లలు ఇళ్ళకి పోతారు. మా పిల్లలకి దిగులు పట్టుకునేది ఆ వేళకే. వాళ్ళతో ఆడేవాళ్ళు కావాలి. జీతం మీరివ్వండి, మనిషిని నేను చూసుకుంటాను." కంపెనీ సేవా కమిటీ తల పట్టుకుంది. సంచి మీదైతే కంపెనీ పేరు వేస్తాం, మనిషి మీద ఎలా అచ్చేస్తాం అన్నారట ఒకరు. కమిటీలో ఉన్న ఆయన ఈ సంగతి భోజనాల దగ్గర చెప్పి పడీ పడీ నవ్వాడు. చివరికి ఒప్పుకున్నారట. ఆ పని కావాలనుకునేవాళ్ళు సేవా దినం సాయంత్రంలోగా వార్డెన్‌కి పేరు ఇవ్వాలట.

"నా పేరిస్తే?" అంది ఆమె ఆ రోజే, కూర వడ్డిస్తూ.

పెళ్ళికి ముందు ఆమె ఒక బళ్ళో ఆటల టీచరు. పెళ్ళికని సెలవు పెట్టింది. ఆ సెలవు ఇంకా సాగుతూనే ఉంది.

"నువ్వా? ఇంట్లో నీకు సేవ తక్కువైందా?" అన్నాడాయన. ఆ హాస్యానికి తనే ముందు నవ్వాడు. "ఈ వయసులో పిల్లలతో గెంతులేమిటమ్మాయ్, నడుం పట్టేస్తే?" అన్నారు అత్తగారు. ఆవిడ బెంగ నడుం గురించి కాదు, నడుం పడితే గిన్నెల గతి ఏమిటని. ఆమె నవ్వేసి ఊరుకుంది. నవ్వేసి ఊరుకోవడంలో ఆమెకి సాటి రాగలవాళ్ళు ఆ వీధిలోనే లేరు. కోరిక మాత్రం ఊరుకోలేదు. చొక్కా మడత పెడుతున్నప్పుడు కూడా లోపల గిలగిల్లాడుతూనే ఉంది. ఇవాళ సాయంత్రం దాటితే ఇక లేదు.

ఈసారి ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు కాబట్టి ముగ్గురూ వెళ్ళారు. హోములో వేదికా లేదు, దండలూ లేవు. వార్డెన్ ఒక గిన్నెలో చీటీలు వేసి పట్టుకుంది. "ఎవరికేది వస్తే ఆ పని. మార్పుల్లేవు, బేరాల్లేవు. పని అయ్యాకే ఫొటోలు." మేనేజరుగారికి పెరడు ఊడవడం వచ్చింది. అత్తగారికి ఊడిపోయిన గుండీలు కుట్టడం. ఆయన చీటీ విప్పి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ చదువుకున్నాడు. ఆడపిల్లలకి జడలు వెయ్యడం.

ఆమె చీటీలో 'ఆడుకోవడం' అని ఉంది. ఇదీ ఒక పనేనా అని వార్డెన్ ముఖంలోకి చూసింది. ఈలోగా పిల్లలు చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు.

దాగుడుమూతలు. లెక్క పెడుతున్నది పిచ్చుక. ఆ పేరు పిల్లలు పెట్టిందే, ఒకచోట నిలవదని. ఆమె పరిగెత్తుకెళ్ళి దుప్పట్లు దాచే చిన్న గదిలో తలుపు వెనక నక్కింది. ఊపిరి బిగబట్టింది. గుండె దడదడలాడుతోంది, ఒళ్ళంతా నవ్వు పొంగుకొస్తోంది.

అప్పుడు వినబడింది, పక్క వరండాలోంచి. "ఏమోయ్! ఎక్కడున్నావ్? ఈ జడ ఎక్కణ్ణించి మొదలెట్టాలి?"

'ఆఁ, వస్తున్నా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. పదిహేనేళ్ళ అలవాటు మరి. ఎక్కడున్నావ్ అంటే ఆ ఇంట్లో నువ్వెక్కడున్నావని కాదు, తువ్వాలెక్కడుందని, తాళాలెక్కడున్నాయని. స్నానాల గదిలో ఉన్నా, జ్వరంతో దుప్పటి కింద ఉన్నా పలకాల్సిందే. ఈ గదిలో నిలబడి వింటుంటే బయట చిన్నచిన్న పాదాలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి. ఆంటీ ఎక్కడ, ఆంటీ ఎక్కడ అని గుసగుసలు. వీళ్ళకి తువ్వాలు అక్కర్లేదు, తాళాలు అక్కర్లేదు. ఆమే కావాలి. తనని తన కోసమే ఎవరో వెతుకుతుంటే ఇంత బావుంటుందా అనుకుంది. కళ్ళు చెమర్చాయి. నవ్వు ఆగక నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమోయ్, నిన్నే!"

"పిలవకండి అంకుల్," అంది ఎవరో పిల్ల, మందలింపుగా. "ఆంటీ ఆటలో ఉంది. ఆటలో ఉన్నవాళ్ళు పలకరు."

ఆమె మాట మింగేసింది. ప్రళయమేమీ రాలేదు. కాసేపటికి ఆయన గొంతే, ఈసారి మెత్తగా. "మూడు పాయలా? ఇప్పుడు ఇది పైకా, కిందికా?"

"దొరికిపోయింది! ఆంటీ దొరికిపోయింది!" పిచ్చుక వచ్చి నడుం చుట్టేసింది. వెనకే మందంతా వచ్చి మీద పడ్డారు. తర్వాత ఎన్ని ఆటలు ఆడారో ఆమెకే గుర్తు లేదు. జుట్టుముడి ఊడింది, చెప్పు తెగింది, మేనేజరుగారు ఊడ్చిన పెరడంతా మళ్ళీ చెల్లాచెదురైంది. నడుం మాత్రం ఎక్కడా పట్టలేదు.

పొద్దు వాలుతుండగా వార్డెన్ వరండాలో అడిగింది. "సాయంత్రాల పనికి ఇంకెవరైనా పేరిస్తారా?"

ఆయన అప్పుడే వచ్చాడు. వెనక వంకరటింకర జడలతో ముగ్గురు పిల్లలు. "అన్నిసార్లు పిలిస్తే పలకవేం? చూశావా, నేనే వేశాను!" అన్నాడు గొప్పగా.

"బావున్నాయండీ, నిజంగా," అంది ఆమె. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. తర్వాత వార్డెన్ వైపు తిరిగింది. "నా పేరు రాసుకోండి. ఆటల టీచరుగా చేశాను."

పిల్లలు ఒక్కసారిగా గోల. వార్డెన్ ముఖం విప్పారింది, కానీ అలవాటు కొద్దీ ఆయన వైపు చూసింది. "సార్, మీకేమైనా..."

"ఆయన్ని అడక్కండి మేడమ్," అంది ఆమె. గొంతు పెంచలేదు. "వచ్చేది నేను."

"మరి సాయంత్రం పూట ఇల్లు?" అన్నాడాయన. అంతలోనే దారి దొరికినట్టు తల్లి వైపు చూశాడు. "సరేలే, అమ్మ ఉంటుందిగా."

అత్తగారి చుట్టూ పిల్లలు కథ వింటూ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఒడిలో సగం కుట్టిన చొక్కా. ఆవిడ దారం పళ్ళతో తెంపి తలెత్తారు.

"నన్ను లెక్కలో వెయ్యకు నాయనా. రాజుగారి ఏనుగు ఇప్పుడే నూతిలో పడింది. దాన్ని పైకి తీసేదాకా నేనూ సాయంత్రాలు ఇంట్లో ఉండను."