రూబీ కొన్న కంప్యూటర్

రూబీకి ఒళ్ళు మండినకొద్దీ మర్యాద పెరుగుతుంది. అక్కమొగుణ్ణి మామూలుగా "బావా, నువ్వు" అని పిలిచే పిల్ల, ఆ రోజు తెనాలిలో కంప్యూటర్ల షాపు మెట్లెక్కేసరికే "బావగారూ, మీరండి" దాకా వచ్చేసింది. వినోద్ కుమార్ దాన్ని గౌరవమే అనుకున్నాడు. అతనికి ఏదైనా అలాగే అర్థమవుతుంది.

రూబీకి బాపట్లలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. తల్లి ఫ్లోరెన్స్ రేపల్లెలో మిషన్ బడి టీచరు. కూతురి కంప్యూటర్ కోసం చీటీ పాడింది. చదువుకీ ఆటకీ రెంటికీ పనికొచ్చేది కొనుక్కుంటానని రూబీ దాపరికం లేకుండానే చెప్పింది. రెండేళ్ళుగా ఆ పిల్ల తన చేతికందని కంప్యూటర్ల గురించే చదువుతోంది. ఏ భాగం దేనికి నప్పుతుందో, ఏది వేడెక్కుతుందో, ఏ కంపెనీ పాత సరుక్కి కొత్త పేరు పెట్టి అమ్ముతోందో అన్నీ నోటికొచ్చు. అయినా ఫ్లోరెన్స్, "బావను వెంటబెట్టుకెళ్ళు. మగమనిషి పక్కనుంటే షాపువాళ్ళు కాస్త జంకుతారు" అంది.

వినోద్ కుమార్‌ది తెనాలే. ఇన్సూరెన్స్ పాలసీలు కట్టిస్తాడు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు కాబట్టి దాని గుట్టంతా తనకు తెలుసన్న ధీమా.

షాపులో కుర్చీ జరుపుకుంటూనే అడిగాడు. "వన్ టీబీ ఉన్నది చూపించండి."

షాపు యజమాని ఒక అద్దాల పెట్టె స్విచ్చి వేశాడు. లోపల ఫ్యాన్లు తిరుగుతూ ఎరుపు, నీలం, ఊదా రంగుల్లో వెలిగాయి. పెళ్ళి పందిట్లో సీరియల్ సెట్టు చూసినట్టు చూశాడు వినోద్ కుమార్.

"ఇంకేం కావాలి రూబీ. వన్ టీబీ ఉంటే జన్మలో హ్యాంగ్ అవదు."

"వన్ టీబీ అంటే దాచుకునే చోటండి బావగారూ, వేగానికీ దానికీ సంబంధం లేదండి. బీరువా పెద్దదైతే మనిషి పరిగెత్తుతాడా అండి?"

షాపాయన నవ్వాడు. ఎవరి మీద నవ్వుతున్నాడో తెలియక వినోద్ కుమార్ కూడా నవ్వాడు.

ఆటల బొమ్మల్ని నడిపించే గ్రాఫిక్స్ కార్డు లోపల ఏదుందని రూబీ అడిగింది. షాపాయన చెప్పిన పేరు విని, "అది నేను ఏడో క్లాసులో ఉన్నప్పటిదండి" అంది. కరెంటిచ్చే పవర్ సప్లై ఎవరిదని అడిగితే, "మంచి కంపెనీయేనమ్మా" అన్నాడాయన. డబ్బా మీద ఏ పేరూ లేదు. ఇక ఆయన రూబీతో మాట్లాడ్డం మానేసి వినోద్ కుమార్ వైపు తిరిగి, "పాప బాగా చదువుతుందనుకుంటానండి" అన్నాడు.

"క్లాస్ ఫస్టండి" అన్నాడు వినోద్ కుమార్ గర్వంగా.

ఇద్దరికీ బుర్రలు లేవనీ, ఉన్నా వాటికి ఈ లైట్లే చాలనీ రూబీ తేల్చేసుకుంది. అలాంటి వాళ్ళుండబట్టే ఇలాంటి డబ్బాలు అమ్ముడుపోతున్నాయి. నమస్కారం పెట్టి బయటికొచ్చేసింది.

రోడ్డు మీద బాదంపాలు తాగుతుండగా వినోద్ కుమార్ మూతి తుడుచుకుంటూ అన్నాడు. "నాకెందుకో ల్యాప్‌టాప్ అయితే మేలనిపిస్తోంది. హాస్టల్లో ఇంతేసి డబ్బాలు పెట్టనిస్తారో లేదో. ఫోన్ చేసి కనుక్కోరాదూ."

పొద్దుట్నుంచీ అతను మాట్లాడిన పాతిక మాటల్లాగే అదీ రూబీ చెవికి చేరకముందే కింద పడిపోయింది. అదే డబ్బుకు ల్యాప్‌టాప్‌లో సగం సత్తా కూడా రాదనీ, పావుగంట ఆడితే పెనంలా కాలుతుందనీ, తర్వాత ఏ భాగమూ మార్చుకోలేమనీ వివరించింది. అన్నీ నిజాలే. ఫోన్ మాత్రం చెయ్యలేదు.

అంగలకుదురులో ఒక కోచింగ్ సెంటర్ మూసేస్తూ కంప్యూటర్లు అమ్ముతోందని ఆమెకు ముందే తెలుసు. బావ స్కూటర్ మీదే అక్కడికెళ్ళింది. మూత తీయించి, దుమ్ము ఊది, ఒక్కొక్కటీ ఆన్ చేయించి, నాలుగోది ఏరుకుంది. నల్లటి పెట్టె, పక్కన గీతలు, మీద సెంటర్ పేరున్న స్టిక్కరు సగం చిరిగి ఉంది. చీరాల కుర్రాడొకడు అమ్ముతున్న గ్రాఫిక్స్ కార్డు ఆ పెట్టెలో పడుతుందని కొలిచి మరీ తెప్పించుకుంది.

"ఇదేంటి రూబీ, తాలూకాఫీసు సామానులా ఉంది" అన్నాడు వినోద్ కుమార్.

"అవునండి. పని చేసేవి అలాగే ఉంటాయండి."

రేపల్లెలో ఇంటికి తెచ్చి బిగించింది. మీట నొక్కగానే లేచింది. కాలేజీ సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కాయి, కార్ల రేసు తడబాటు లేకుండా నడిచింది, చీటీ డబ్బు ఇంకా మిగిలింది. ఆ వారమంతా రూబీ లోకాన్ని చాలా ఎత్తు నుంచి చూసింది. కొత్త క్లాసు పిల్లలు గ్రూపులో తమ ల్యాప్‌టాప్‌ల ఫోటోలు పెడుతుంటే ఒక్కోదాన్నీ చూసి, ఎంతకు మునిగారో లెక్కగట్టి, పెదవి విరిచి పక్కన పెట్టింది.

తర్వాత సోమవారం పెట్టెను దుప్పట్లో చుట్టి, మానిటర్‌ను అమ్మ ఒళ్ళో పెట్టి, చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల చేరారు. హాస్టల్ వార్డెన్ దుప్పటి కొస ఎత్తి చూసింది.

"ఇవి కుదరవమ్మా. ల్యాప్‌టాప్ అయితే పర్లేదు. గదికి నలుగురు, బల్ల ఒకటే. పైగా మా వైరింగు ఆగదు."

"ఇది ఇస్త్రీ పెట్టె కన్నా తక్కువ కరెంటు తీసుకుంటుందండి."

"ఇస్త్రీ పెట్టె కూడా కుదరదమ్మా."

ఫ్లోరెన్స్ దుప్పటి మళ్ళీ చుట్టింది. తిరుగు బస్సులో మానిటర్ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

పెట్టె అమ్మేసి ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు. ఆ మాట తల్లి అనగానే రూబీకి కళ్ళ ముందు వినోద్ కుమార్ నవ్వు మొహం కనిపించింది. లోకంలో అందరూ చెప్పింది తప్పయినా సహించగలదు గానీ, బీరువాకీ మెదడుకీ తేడా తెలియని మనిషి చెప్పింది ఒప్పవడం సహించలేదు. "హాస్టల్ తిండి నాకు పడదు. ఇంటి నుంచే వెళ్ళొస్తా" అంది. అప్పటికి ఆ తిండి మెతుకు కూడా రుచి చూడలేదు.

చీకటితో లేచి బస్సు. సాయంత్రం మళ్ళీ బస్సు. కిటికీ పక్కన సీటు దొరికితే నిద్ర, దొరక్కపోతే వేలాడ్డం. బావ ఫోన్ చేసినప్పుడల్లా అక్కతో మాట్లాడి పెట్టేసేది.

క్రిస్మస్‌కి రెండు వారాల ముందు, ఆదివారం ఆరాధన అయ్యాక వినోద్ కుమార్ రేపల్లె వచ్చాడు. నేరుగా గదిలోకొచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు. రూబీ కుర్చీలోంచి లేవలేదు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకుంది. అతను మౌస్ కింద పరిచిన పాత క్యాలెండర్ అట్టను మెచ్చుకున్నాడు. చలి గురించి మాట్లాడాడు. పాలసీల టార్గెట్ గురించి మాట్లాడాడు.

చివరికి ఆమే తట్టుకోలేకపోయింది. "హాస్టల్లో పెట్టనివ్వలేదు బావా. నువ్వన్నట్టే అయింది. సరేనా?"

"నేనేమన్నాను?"

"ల్యాప్‌టాప్ కొనమన్నావుగా. కనుక్కోమన్నావుగా."

వినోద్ కుమార్ నిజంగానే ఆలోచించాడు. "అన్నానా? నాకేం గుర్తులేదే. నేను వన్ టీబీ ఉండాలన్నాను కదూ" అన్నాడు.

మూడు నెలల బస్సు ప్రయాణం ఎవరి ముందు తల వంచకూడదని చేసిందో ఆ మనిషికి ఆ మాటే గుర్తు లేదు. రూబీకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంత మాత్రపు మనిషితో పంతానికి దిగినందుకు తన మీద తనకే చీదరేసింది. కుర్చీ అతనివైపు తోసి, రేసు పెట్టి, తొమ్మిదిసార్లు వరసగా ఓడించింది. అతను ప్రతిసారీ చేపలచెరువులో పడ్డవాడిలా చేతులెత్తి, "ఇంకొక్కటి" అన్నాడు. ఓడిపోవడం కూడా అతనికి సరిగ్గా అర్థం కాలేదు.

అతను వెళ్ళాక ఫ్లోరెన్స్ గుమ్మంలో నిలబడి అడిగింది. "ఇప్పుడైనా హాస్టల్‌కి వెళ్తావా? బావకేం గుర్తులేదు కదా."

రూబీ తెర మీద రేసు మళ్ళీ మొదలుపెట్టింది. "వెళ్ళను. అక్కడ ఆడుకోడానికి కుదరదు."

"ఆ మాట మొదటే చెప్తే నాకు సగం దిగులు తప్పేది" అంది తల్లి. "పెద్ద తెలివి" అని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.