ఇంజను పక్క బోగీ

మా అత్తగారిని ఆమె చెల్లెలి ఊరికి చేర్చే పని నా మీద పడినప్పుడు నేను దాన్ని సరుకు రవాణాగానే చూశాను. నాది బొత్తాల టోకు వ్యాపారం. ఇక్కడ ఎక్కించాలి, అక్కడ దింపాలి, మధ్యలో తడవకూడదు, విరగకూడదు. బొత్తాల మూటకీ అత్తగారికీ ఒకటే తేడా. మూట దారి పొడుగునా మాట్లాడదు.

సరుకు మాత్రం సున్నితమైనది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. గొడవ కర్టెన్ల దగ్గర మొదలైంది. చిన్నత్తగారు కొత్తిల్లు కట్టుకుని కిటికీలకు కర్టెన్లు వేసింది. చూడబోయిన మా అత్తగారు, "దుప్పట్లు బాగానే ఆరేశావే" అంది. అవి నిజంగా దుప్పట్లే కావడం వల్ల గొడవ ముదిరింది. కాకపోయుంటే ఇద్దరూ నవ్వి ఊరుకునేవారు. అప్పటినుంచి ఒకరి గడప ఒకరు తొక్కలేదు. చెల్లెలే ముందు రావాలని ఈమె, అక్కే ముందు రావాలని ఆమె. రెండు కొట్లవాళ్ళూ ధర దించేది లేదని భీష్మించుకుంటే సరుకు పుచ్చిపోవడం తప్ప ఇంకేమీ జరగదు.

ఈమధ్య అత్తగారి మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. ఒక సాయంత్రం కాళ్ళకు నూనె రాసుకుంటూ, "ఇవి పూర్తిగా మూలపడకముందే దాని మొహం ఒకసారి చూడాలి" అంది. మా ఆవిడ ఆ మాట కింద పడనివ్వలేదు. వెంటనే పిన్నికి ఫోన్ చేసి బేరం కుదిర్చింది. షరతులు రెండు వైపులా ఉన్నాయి. అత్తగారు రైలెక్కి వస్తుంది గానీ, స్టేషన్లో చెల్లెలు ఎదురొచ్చి చెయ్యి పట్టుకోవాలి. లేకపోతే అట్నుంచటే వెనక్కి. చిన్నత్తగారు ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది గానీ, అంతకు మించి ఒక్క అడుగు వెయ్యదు.

"ఈసారి తప్పితే అమ్మ మళ్ళీ బయల్దేరదు" అంది మా ఆవిడ. "ఆవిడ చెయ్యి పిన్ని చేతిలో పెట్టాకే మీరు ఇంటికి రండి."

"పెట్టలేకపోతే?"

"కొట్లో పక్క వేసుకోండి. బొత్తాల మూటలు మెత్తగానే ఉంటాయి."

నేను ఎప్పుడూ బస్సుల్లో తిరిగేవాణ్ణి. ఆ రైలు దారి నాకు కొత్త. మోకాళ్ళు ముడుచుకుని అంత దూరం కూర్చోలేనని అత్తగారు అనడంతో రైలెక్కాం. జనం ఎక్కువయ్యారని ఆమధ్యనే ఆ రైలుకు బోగీలు పెంచారట. బోగీలు పెంచారని తెలిసి జనం ఇంకా ఎక్కువయ్యారు. తోపులాటలో చివరి బోగీలోకి నెట్టుకుపోయినా, ఎలాగో రెండు సీట్లు దొరికాయి. మా ముందు ఒకాయన నిలబడే నిద్రపోతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అంత గట్టిగా ఒరుసుకుని ఉన్నారు కాబట్టి పడే ప్రమాదం లేదు. ఇంకొకాయన తన తల గోక్కుంటున్నాననుకుని చాలాసేపు నా తల గోకాడు. నాకూ హాయిగానే ఉంది కాబట్టి చెప్పలేదు.

జనం మీదుగా అందించినట్టు టీసీ ఊడిపడ్డాడు. మా టికెట్లు చూసి పెదవి విరిచాడు.

"మీరు దిగే స్టేషన్ పొట్టిదండీ. రైలు పొడుగైంది గానీ ప్లాట్‌ఫారం పొడుగవలేదు. చివరి బోగీలు కంకర మీద ఆగుతాయి. వాటిలోంచి పెద్దావిడ దిగలేరు. అక్కడికి చేరేసరికి ఇంజను వైపు బోగీల్లో ఉంటే నడుచుకుంటూ దిగొచ్చు."

"అక్కడ ఎంతసేపు ఆగుతుంది?"

"ఆగినట్టే ఉంటుంది" అన్నాడు టీసీ, అవతలివాళ్ళ టికెట్లకు చెయ్యి చాస్తూ.

ఇంజను వైపు నడవడం అయ్యే పని కాదు. నడవాలంటే కింద నేల ఉండాలి, అక్కడ ఉన్నవన్నీ పాదాలే. అయితే ఇద్దరి చోటు ఇచ్చి ఇద్దరి చోటు పుచ్చుకోవచ్చు. మారుబేరం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. పక్క బోగీ గుమ్మంలోంచి తల దూర్చి, "ఇటు రెండు సీట్లున్నాయి, అటు ఎవరైనా మారతారా" అని కేకేశాను.

మాట పూర్తవకముందే ఒక భార్యాభర్తలు బుట్టలతో సహా లేచి నిలబడ్డారు. "మీ మేలు మర్చిపోం" అంది ఆవిడ. మేలు నాదనుకుని నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ పై బోగీలో కిటికీ పక్క చోటు దొరికింది. మరో బోగీలో ఒక పళ్ళ డాక్టరు, మా ఇద్దరి చోటుకు ముగ్గురి చోటు ఇస్తానన్నాడు.

"నిజంగానే ఇంజను వైపు వెళ్తారా?" అని అడిగాడు.

"వెళ్తాం."

"ఆలోచించుకున్నారా?"

"వ్యాపారస్తుణ్ణండీ."

"అయితే మరి నేను చెప్పేదేముంది" అంటూ ఆయన సంచి తీసుకుని మాయమయ్యాడు.

అత్తగారు ఒక బోగీ నుంచి ఇంకో బోగీకి చేతులు మారుతూ, విరగకుండా, నలగకుండా ప్రయాణించింది. ముందుకు పోయేకొద్దీ జనం పలచబడ్డారు. ఇంజను పక్క బోగీకి చేరేసరికి కాళ్ళు చాపుకునేంత ఖాళీ. అదంతా నా బేరం మహిమేననుకున్నాను. అత్తగారు కిటికీ దగ్గర స్థిమితపడి నన్ను కొత్తగా చూసింది.

"అల్లుడుగారూ, మీ తెలివి మా అమ్మాయి చెప్పినంత తక్కువేం కాదు."

పెళ్ళయినప్పటినుంచి ఆ ఖాతాలో నాకు జమ పడింది అదొక్కటే.

జంక్షన్లో రైలు చాలాసేపు ఆగింది. అత్తగారు కిటికీలోంచి చూస్తూ ఉంది.

"అల్లుడుగారూ, మన ఇంజను ఎటో వెళ్ళిపోతోంది."

"డీజిలు పట్టించుకోవడానికి అయ్యుంటుందండీ" అన్నాను. తెలియదని చెప్తే బేరంలో పలుచనైపోతాం.

కాసేపటికి రైలు ఒక కుదుపు కుదిపి కదిలింది. వచ్చిన వైపుకే.

"ఇంటికి వెళ్ళిపోతున్నామా?" అంది అత్తగారు.

ఎదురుగా ఒక గడియారాల మెకానిక్కు సీటు మొత్తం పరుచుకుని పడుకుని ఉన్నాడు. ఆయన కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "ఇక్కడ ఇంజను ఆ చివరకు మారుతుందండీ. ఇంకో లైనెక్కి పోతాం. తెలిసినవాళ్ళందరూ ముందే అటు చేరిపోతారు."

"మరి మీరు?"

"నేను దిగేది ఆ పై పెద్ద స్టేషన్లో. అక్కడ ప్లాట్‌ఫారం ఎంత కావాలంటే అంత. నాకు నడుం వాల్చడానికి చోటుంటే చాలు."

బేరమాడకుండా చేతిలో పెట్టే సరుకును రెండుసార్లు తిప్పి చూడమని మా నాన్న చెప్పేవాడు. నేను జీవితమంతా బొత్తాల్నే తిప్పి చూశాను. ఇప్పుడు పళ్ళ డాక్టరు మొదటి బోగీల్లో ఎక్కడో హాయిగా ఉన్నాడు. మేము అందరికంటే చివర ఉన్నాం. వెనక్కి మారుబేరం చేద్దామని పక్క బోగీలోకి తొంగిచూశాను. నా కేక విని అందరూ ఒకేసారి కిటికీల్లోంచి ప్రకృతిని చూడసాగారు.

మా స్టేషన్ వచ్చింది. ప్లాట్‌ఫారం ముందు బోగీలకు వచ్చింది, మధ్య బోగీలకు వచ్చింది, అయిపోయింది. మా బోగీ దానికి ఇవతలే ఆగింది. తలుపు తీస్తే కింద కంకర, తుప్పలు, వాటి మధ్య మేస్తున్న ఒక మేక. దూరంగా ప్లాట్‌ఫారం మీద ఒక ఆకుపచ్చ గొడుగు.

"అదే" అంది అత్తగారు. "ఎండ పడదు దానికి."

నేను కిందికి దూకి వంగి నిలబడ్డాను. "నా వీపు మీద కాలు పెట్టి దిగండి అత్తయ్యగారూ."

"అల్లుడి వీపు తొక్కానని అది బతికున్నంతకాలం అంటుంది."

"అననివ్వండి. ముందు దిగండి."

ఆమె కాలు చాపింది. మోకాలు ఒప్పుకోలేదు. ఇంకో కాలు చాపింది. అదీ అంతే. ఈలోగా గార్డు విజిల్ వేశాడు. నేను మళ్ళీ ఎక్కాను. మేక తల ఎత్తి చూసింది. దానికి మా వ్యవహారం అర్థమైనట్టే ఉంది.

అప్పుడు గొడుగు కదిలింది. ఒక అడుగు, రెండడుగులు, ఆపైన పరుగు. రైలు ఊపందుకునేలోపు అది ముడుచుకుని ఏదో బోగీ తలుపులోకి దూరింది.

"అలిగి వెళ్ళిపోతున్నాననుకుంది" అంది అత్తగారు మెల్లగా. "చిన్నప్పుడూ అంతే. నేను అలిగి వెళ్తుంటే వెనకాలే పరిగెత్తుకొచ్చేది."

చెంగుతో కళ్ళు తుడుచుకుంది. మరుక్షణం గొంతు సవరించుకుంది. "టికెట్ కూడా కొని ఉండదు, తింగరిది."

కొని ఉండలేదు. ఆ కబురు టీసీ నుంచి బయల్దేరి, నోటి నుంచి నోటికి, బోగీ నుంచి బోగీకి మా దాకా వచ్చింది. పక్క బోగీ గుమ్మంలోంచి ఒక మీసాలాయన అడిగాడు. "ఇక్కడ అక్కగారెవరండీ? ఎందుకు దిగలేదని మీ చెల్లెలు అడుగుతోంది."

"అదెందుకు ఎక్కిందో చెప్పమనండి."

మాట వెళ్ళింది. చాలాసేపటికి బదులొచ్చింది. "నీకోసం కాదు, ఊరికే షికారుకెక్కాను అంటోందండీ. దార్లో అందరూ మీదే తప్పంటున్నారు."

"అందరికీ ఏం తెలుసట?"

"కర్టెన్ల సంగతి తెలిసిందండీ. మా బోగీలో రెండు జట్లయ్యాయి. నేను మీ జట్టే" అన్నాడు మీసాలాయన.

పెద్ద స్టేషన్ రాగానే నేను అత్తగారిని జాగ్రత్తగా దింపాను. రైలు పొడవునా ప్లాట్‌ఫారం. ఆ చివర ఆకుపచ్చ గొడుగు విచ్చుకుంది. ఈమె కొంచెం నడిచి ఆగింది. ఆమె కూడా కొంచెం నడిచి ఆగింది.

"నేను ఇంత దూరం వచ్చాను" అంది అత్తగారు. "ఇక అదే రావాలి."

నేను పరుగెత్తుకుంటూ ఆ చివరకు వెళ్ళాను. "నేను కదిలే రైలెక్కాను బాబూ" అంది చిన్నత్తగారు. "ఇక తనే రావాలి." మళ్ళీ ఈ చివరకు పరుగెత్తాను. సగం సగం అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఏది సగమన్న దగ్గర బేరం తెగింది. తొమ్మిదో బోగీ దగ్గర అని ఈమె, ఎనిమిదో బోగీ అని ఆమె. కిటికీల్లోంచి ఒక జట్టు తొమ్మిది అని, ఇంకో జట్టు ఎనిమిది అని అరుస్తోంది. నా వయసుకు ఆ పరుగులు లాభసాటి కాదు.

అంతలో రైలు కదిలింది. ఎనిమిదో బోగీ పోయింది, తొమ్మిదో బోగీ పోయింది, లెక్కంతా పట్టాల వెంట వెళ్ళిపోయింది. ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ముసలివాళ్ళు మిగిలారు.

"నేనే ఎక్కువ నడిచాను" అని అత్తగారు కేకేసింది.

"ఏంటీ? వినపడ్డం లేదు" అంటూ చిన్నత్తగారు నాలుగడుగులు ముందుకు వచ్చింది.

"నేనే ఎక్కువ అంటున్నానే" అంటూ ఈమె నాలుగడుగులు వేసింది.

పోట్లాడుకోవాలంటే దగ్గరగా ఉండాలి మరి. అలా మాటామాటా అనుకుంటూ వాళ్ళు ఒక బెంచీ దగ్గర కలిశారు. చిన్నత్తగారు గొడుగు అక్క తల మీద పట్టింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని, తిడుతూనే ఉంది గానీ వదల్లేదు. నేను మా ఆవిడకు ఫోన్ చేసి సరుకు ముట్టిందని చెప్పాను.

చిన్నత్తగారి ఊరికి వెనక్కి వెళ్ళే రైలుకు టికెట్లు తెచ్చాక అత్తగారు అడిగింది. "ఈసారి ఏ బోగీ అల్లుడుగారూ?"

"సరిగ్గా మధ్య బోగీ అండీ. ఇంజను ఎటు తగిలించినా మధ్య మధ్యే."

ఈ తెలివి నా ఒక్కడికే వచ్చిందనుకున్నాను. రైలొచ్చి ఆగేసరికి ప్లాట్‌ఫారం మీదున్న జనమంతా మధ్య బోగీ మీదే పడ్డారు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒక సీటు దొరికింది, ఒకరి ఒళ్ళో ఒకరు సర్దుకున్నారు. నాకు మాత్రం ఒక కాలు పెట్టుకునే చోటు మిగిలింది. రెండో కాలు ఎవరి చెప్పు మీద ఉందో వాళ్ళ ఊరు వచ్చేదాకా తెలియలేదు.