నల్లరాతి జోస్యం, రెండు పొట్లాలు

నాలుగో భాగంలో నేను చేసిన పొరపాటు ముప్పై రెండో భాగానికి వచ్చేసరికి రామాంజులు మెడకు చుట్టుకుంది.

నేను గల్ఫ్ దేశంలో, షుఐబాలో ఒక కాంట్రాక్టు కంపెనీకి స్టోరు చూస్తాను. రాజంపేటలో బి.ఏ. చదివాను. నా భార్య సులోచన పోయాక శుక్రవారాలు మరీ పొడుగైపోయాయి. ఏదో ఒకటి చేయాలని కథ చెప్పడం మొదలుపెట్టాను. వజ్రదుర్గం అనే రాజ్యం, రెక్కల గుర్రాలు, ఏడు కోటలు, నిప్పులు మింగే రాక్షసి. వారానికో భాగం ఫోనులో చదివి మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఇస్త్రీ చేస్తూ వింటారు. డ్రైవర్లు యజమానురాలు షాపింగ్ ముగించేదాకా బండిలో కూర్చుని వింటారు. నా గొంతు ఇంతమందికి పనికొస్తుందని సులోచన కూడా నమ్మేది కాదు.

నాలుగో భాగం దగ్గర కథ మరీ సాఫీగా పోతోందనిపించింది. అందుకని కోట గుమ్మంలో ఒక నల్లరాయి పాతి, దాని మీద ఒక జోస్యం చెక్కించాను. ‘వహ్నికేతుడి మెడలో మాల వేసిన కన్య మరుసటి పున్నమి చూడదు.’ వహ్నికేతుడంటే మా రాజకుమారుడు. అతను వలచిన హేమరేఖను మేడ మీద నిలబెట్టాను. ఆ రాయిని ఎలా తప్పించాలో తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను. ఇప్పటికీ చూసుకోలేదు.

రామాంజులు ఊరికి దూరంగా, కబ్ద్ ఎడారిలో ఒక తోటలో గొర్రెలు కాస్తాడు. నలభై ఎనిమిదేళ్లు. పెళ్లి కాలేదు. ఇరవై రెండేళ్లప్పుడు ఊళ్లో ఒక జోస్యుడు అతని చెయ్యి చూసి, ‘నీ చేత తాళి కట్టించుకున్నది ఏడాది బతకదు’ అన్నాడట. ఆ మాటతో అతను సంబంధాలు చూడటమే మానేశాడు. నా నాలుగో భాగం విన్న రోజు నాకు ఫోన్ చేసి, “సార్, నా సంగతి నీకెవరు చెప్పినారు?” అని అడిగాడు.

ఇక రెడ్డెమ్మ. మా గది ఉన్న అబూ హలీఫాలో, మా వీధి చివరింట్లో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. భర్త పోయి తొమ్మిదేళ్లు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, రద్దు చేయించుకుని ఊరికి పోతోంది. పోయేలోగా, మా గ్రూపులోనే పరిచయమైన రామాంజులును తనే అడిగింది, చేసుకుంటావా అని. అతను తలకాయ గోక్కుని, “ఆ వహ్నికేతుడు చేసుకుంటే నేనూ చేసుకుంటా” అన్నాడు.

దాంతో ఆమె నా గదికి వచ్చింది.

“నాగేంద్రన్నా, ఆ రాజుకు పెండ్లి ఎప్పుడు జేస్తావు?”

“ఇంకా తేలలేదమ్మా.”

“తేల్చు. పదైదో తేదీ నా టికెట్టు.”

నేను అనుకున్న ఉపాయం చెప్పాను. రాక్షసి హేమరేఖ వేషం వేసుకుని వచ్చి మాల వేస్తుంది, శాపం రాక్షసికి తగులుతుంది, అసలు హేమరేఖ బతికిపోతుంది. ఆమె చున్నీ కొంగు నడుముకు బిగించి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“అంటే దొంగ పెండ్లి జేస్తావు. ఆ పిల్లను ఎవరన్నా ఒక మాట అడిగినారా న్నా? నాలుగో భాగం కాడినుంచి మేడ మీద నిలబడే ఉండాది. కాళ్లు నొయ్యవా?”

పాత భాగాలు తిరగేసి చూసుకున్నాను. నిజమే. హేమరేఖ నిట్టూర్చింది, కన్నీరు కార్చింది, కిటికీ తెరిచింది, మూసింది. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇది ఉత్త కథ, నేను కల్పించింది అని రామాంజులుకు ఫోన్ చేసి చెప్పాను. అతను, “నువ్వు రాసినావు సరే సార్, నీ చేత రాయించింది ఎవరు?” అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆ మాటే రెడ్డెమ్మకు చేరవేశాను.

చివరికి రెడ్డెమ్మే దారి చూపించింది. “పువ్వు అడుగుదాం.”

మా వైపు ఏ పనికైనా మనసు కుదరనప్పుడు ఎర్ర పువ్వొకటి, తెల్ల పువ్వొకటి వేరువేరుగా పొట్లాలు కట్టి దేవుడి ముందు పెట్టి, చిన్నపిల్ల చేత ఒకటి తీయిస్తాం. తెల్లది వస్తే సరే అన్నట్టు, ఎర్రది వస్తే వద్దన్నట్టు. కథలో రాయి కన్నా, నా కన్నా, ఇది రామాంజులుకు నమ్మకమైన పద్ధతి. వెంటనే ఒప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి కూరగాయల బండి అతన్ని మా వీధిలో దింపింది. రెడ్డెమ్మ అప్పటికే వచ్చి, సూపర్ మార్కెట్ ఆఫర్ల కాగితం చించి కట్టిన రెండు పొట్లాలు అలమారలో వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి, టీ కాయడానికి వంటగదిలోకి పోయింది. రామాంజులు కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

నేను మంచివాణ్ణే, కానీ అవకాశం వస్తే ఎంతవరకు మంచివాణ్ణో చెప్పలేను. వీధి మూల బక్కాలా కొట్లో కొన్న మల్లెమొగ్గ ఒకటి చొక్కా జేబులో ఉంది. ఎర్రది తీసేసి అందులో తెల్లది పెట్టేద్దామని నా ఆలోచన. మొదటి పొట్లం విప్పాను. మల్లెమొగ్గ. రెండోది విప్పాను. మల్లెమొగ్గ. నాకన్నా ముందే పని అయిపోయింది. వెనక గుమ్మంలో రెడ్డెమ్మ టీ గ్లాసులతో నిలబడి ఉంది.

“ఎర్ర పూలు దొరకలేదు న్నా” అంది, కనురెప్ప కూడా కదలకుండా.

నేను పొట్లాలు మళ్లీ కట్టి యథాస్థానంలో పెట్టాను.

తీయడానికి చిన్నపిల్ల కావాలి కదా. మా గదిలో అందరికన్నా చిన్నవాడు జగిత్యాల లింబాద్రి, మేస్త్రీ. మంచం మీంచి లేపాం.

“గిదేంది సార్, నాకు నలభై నాలుగు. మీసం తెల్లవడ్డంక పోరన్ని జేస్తిరి” అని గొణుక్కుంటూనే స్నానం చేసి వచ్చి, కళ్లు మూసుకుని ఒక పొట్లం తీశాడు.

రామాంజులు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. విప్పలేదు. పొట్లం మీద టమాటా బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

“ఇప్పు” అంది రెడ్డెమ్మ.

“వచ్చేటప్పుడు బండిలో ఆలోచన జేసినా” అన్నాడు అతను నాతో. “తెల్లది పడితే సరే అనల్లనుకున్నా. ఎర్రది పడితే వచ్చే శుక్రవారం మళ్లా అడగల్లనుకున్నా. అప్పుడూ ఎర్రదే పడితే, ఈమె టికెట్టు వెనక్కి జరపమని బతిమిలాడి ఇంగోసారి. అట్లయితే ఇంగ ఈ పువ్వుతో నాకేం పని సార్?”

పొట్లం జేబులో పెట్టుకున్నాడు. సివిల్ ఐడీ కార్డు పక్కన.

“ఇప్పు ప్పా. అంత తిరిగి తెచ్చిన పూలు.”

“అక్కర్ల్యా.” అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. “మేయ్, ఏడాది లోపల నీకేమన్నా అయితే?”

“అయితే అయితాది. తొమ్మిదేండ్లుగా ఇస్త్రీ పెట్టెతో మాట్లాడతాండా. ఒక ఏడాది మనిషితో మాట్లాడనీ.”

లింబాద్రి చల్లారిన టీ గ్లాసులన్నీ ఎవరూ అడగకుండానే తీసుకెళ్లి వేడి చేసి తెచ్చాడు. మా పెళ్లికి జాతకాలు చూసిన పంతులు ‘నూరేళ్ల జోడీ’ అన్నాడు. ఇరవై ఆరేళ్లు దొరికాయి. తక్కువని ఎన్నిసార్లు ఏడ్చానో, ఆ రోజు ఎందుకో మొదటిసారి అది చాలా పెద్ద అంకెలాగా అనిపించింది.

వాళ్లిద్దరూ రామాంజులుకు టికెట్టు చూడటానికి బయల్దేరారు. మెట్ల మీద ఇంకా వినబడుతూనే ఉంది. “ఇప్పి చూడు ప్పా, ఒక్కసారి.” “ల్యా మేయ్.”

మిగిలిన పొట్లం విప్పి, అందులోని మొగ్గ, నా జేబులోది, రెండూ సులోచన ఫోటో దగ్గర పెట్టాను.

“రెండూ మల్లెలే గద సార్” అన్నాడు లింబాద్రి, మంచం ఎక్కుతూ.

“నీకెలా తెలుసు?”

“వాసన వచ్చింది. తియ్యకముందే.”

“మరి రామాంజులుకు?”

“పదమూడేండ్ల సంది గొర్లల్ల ఉంటుండు. ఆయినకు ముక్కు యాడిది?”

మధ్యాహ్నం ముప్పై మూడో భాగం చదివి పెట్టాను. అందులో హేమరేఖ మేడ దిగింది. తనే నడిచి నల్లరాయి దగ్గరికి వెళ్లి, చెక్కిన అక్షరాలు మొదటినుంచి చివరిదాకా చదివింది. ‘పున్నమికి ఇంకా పద్నాలుగు రోజులున్నాయి కదా’ అని, మాల పట్రమ్మంది. అక్కడితో ఆపేశాను. గంటలో గ్రూపులో నలభై మెసేజులు, అన్నీ తిట్లే. రాక్షసి ఏమైందని, ఇదేం ముగింపని.

లింబాద్రి ఇయర్‌ఫోన్ తీసి నా వైపు తిరిగాడు.

“సార్, గా పిల్ల పున్నమి జూస్తదా?”

“నాకూ తెలియదు” అన్నాను. “ముందు మాల వేయనీ.”