లావక్షరాల పేరు

రాయపూరు గుఢియారీలోని ఆ ప్రెస్సులో తెలుగు అక్షరాలుండేవి కావు. మనవాళ్ల పెళ్లికైనా చావుకైనా కార్డు ఇంగ్లీషులోనే. అక్షరాలు కూర్చే కంపోజిటర్ సూర్యారావుకి అక్కడున్న ఒక్క పెట్టె అక్షరాలంటే ప్రాణం. నిలువు గీతలు లావుగా, అడుగున పాదాలు ఊని నిలబడ్డ సీసం అక్షరాలవి. కార్డు మొత్తంలో ఒక్క పేరుకి వాడితే ఆ పేరు గుమ్మంలోంచే కనబడుతుంది. పేరాలకి పేరాలు కూర్చారో, మసి పూసినట్టుంటుంది, ఏదీ కంటికానదు.

ఈసారి ఆ ఒక్క పేరు మేనమామ బంగారయ్యది కావాలనుకున్నాడు. తల్లీతండ్రీ లేని తనని రైల్వే క్వార్టర్లో పెంచి, ఈ పనిలో పెట్టిన మనిషి పోయాడు. పెద్దకర్మ కార్డుకి ఆయన పేరు లావక్షరాల్లో కూర్చి, చుట్టూ ఖాళీ వదిలి, ప్రూఫు తీశాడు. మావయ్యకి తను చేయగలిగింది ఇదొక్కటే మరి.

బంగారయ్య కొడుకు భీమారావు వచ్చాడు. రైల్వే ఆఫీసులో హెడ్ గుమస్తా. ప్రెస్సుకి అచ్చుపనులు ఇప్పించేది ఆయనే. ప్రూఫు చూసి మొహం చిట్లించాడు.

"కింద పిలిచేవాడిగా నా పేరేటి సూరీ, చీమల్లే ఉంది? మా ఆఫీసు బడే సాబ్ వస్తాడు. నా పేరూ, హోదా సాఫ్‌గా కనబడాలి కదా."

"రెండు పేర్లూ లావువి పెట్టలేం బావా. పెట్టెలో ఇంగ్లీషు 'ఏ'లు చాలవు. ఇంగ్లీషోడి లెక్కకి పోతపోసినవి. మన పేర్లేమో 'ఏ'లన్నీ మింగేస్తాయి."

"అయితే నాన్నది సన్నంగా పెట్టు. పోయినోడికి హోదా ఎందుకు? ఈపాటి దానికి మొండికేస్తే ఊళ్లో ఇంకో ప్రెస్సు లేదేటి?"

పక్కగదిలోంచి యజమాని గట్టిగా దగ్గాడు. సూర్యారావు ప్రూఫు వెనక్కి తీసుకున్నాడు. ఛీ, ఏం బతుకు ఇది! మావయ్య పేరులోంచి ఒక్కో అక్షరమే తీసి బావ పేరు కూర్చాడు.

పెద్దకర్మనాడు అత్త తాయారమ్మ కార్డు చేతిలోకి తీసుకుంది. ఆవిడకి చదువు రాదు. కాగితంలోకి దిగబడ్డ లావక్షరాలని వేలితో తడిమింది.

"ఇదేనా నానా, మీ మావ పేరు?"

బయట భీమారావు బడే సాబ్‌కి కుర్చీ వేయిస్తున్నాడు. నిజం చెబితే ఈ ముసలిదాని గుండె పగిలిపోతుందని సూర్యారావుకి తెలుసు. తన పరువూ పోతుందని అంతకన్నా బాగా తెలుసు.

"అదేనత్తా," అన్నాడు.

ఆవిడ కార్డుని కళ్లకద్దుకుంది. మొగుడి ఫొటో ఒక్కటీ లేదు కాబట్టి దీపం పక్కన దాన్నే నిలబెట్టింది. లావక్షరాల మీద గంధం అద్ది, పూలదండ వేసి, బతికున్న కొడుకు పేరుకి దండం పెట్టింది.